వాడకు రావలసిన బీపీ బిళ్ల

బీపీ, సుగర్ అంటే కూర్చుని తినేవాళ్ల జబ్బులని మన వాడల్లో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఎండలో కలుపు తీసేవాళ్లకు, మురికికాలవలు తీసేవాళ్లకు అదెందుకొస్తది అని అడుగుతారు. ఒంటి కష్టం చేసినంత మాత్రాన రక్తపోటు రాకుండా పోదు. కూరగాయలు, పండ్లు కొనలేని ఇంట్లో చౌకబియ్యం అన్నం, పచ్చడి, ఎండుచేపలే పూట గడుపుతాయి. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి మెతుకులే కూడు అయినచోట ఆ లెక్క దాటడం ఎంతసేపు? దానికి తోడు అప్పుల దిగులు, నిద్రలేమి, పొగాకు, సారా.

బీపీతో చిక్కేమిటంటే, చాలామందిలో అది నొప్పీ పెట్టదు, గుర్తూ చూపదు. 140/90 దాటినా మనిషి పనికి పోతనే ఉంటాడు. ఏళ్ల తరబడి వదిలేస్తే పక్షవాతం వస్తది. గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీన్ని అదుపు చేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఆమ్లోడిపిన్ లాంటి చవక బిళ్ల రోజూ మానకుండా వేసుకుంటే చాలామందికి అదుపులోకొస్తది.

కష్టమంతా ఆ ‘రోజూ’ అన్న మాటలోనే ఉంది. బిళ్లలు అయిపోయి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతే ఒక కూలి పోతుంది. మందు లేదు, మళ్లీ రమ్మంటే ఇంకో కూలి. అట్లా రెండుసార్లు తిరిగినవాళ్లు ‘బాగానే ఉన్నాం గదా’ అని మానేస్తారు. దాన్ని వాళ్ల అజ్ఞానం కింద జమకట్టడాన్ని మేము ఒప్పుకోం.

కులం సంగతి కూడా చూడాలి. గ్రామీణ భారతంలో అంటరానితనంపై 11 రాష్ట్రాల్లో, 565 ఊళ్లలో జరిపిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. దాదాపు మూడోవంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రావడం లేదని అది తేల్చింది. ఇంటికే రానివాళ్లు చేతికి బీపీ పట్టీ ఏం కడతారు? అట్లా మన జబ్బు లెక్కకే ఎక్కదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదలకు పెద్దాసుపత్రి తలుపులు తెరిచింది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని అది ప్రధానంగా మనిషి పడిపోయాక ఆదుకునే పథకం. పడిపోకుండా ఆపేది నెలనెలా చేతికందే బిళ్ల. ఆ దారి కొత్తదేం కాదు. 2017లో తెలంగాణతో సహా 5 రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం పద్ధతి ఇదే: అందరికీ ఒకే సులువైన మందుల క్రమం, ఒకేసారి నెలకు సరిపడా బిళ్లలు, రానివాళ్లను వెతికి పిలవడం.

ఆ పద్ధతి ఊరిదాకా వచ్చి వాడ బయటే ఆగిపోకూడదు. మేము అడిగేవి మూడు. బీపీ చూడటం, మందులివ్వడం వాడలోనే, పనికి పోకముందో పనినుంచి వచ్చాకో జరగాలి. ఎంతమందిలో జబ్బు కనిపెట్టారు, ఎంతమందికి నెలనెలా మందు అందుతోంది, ఎంతమందికి అదుపులో ఉంది అన్న లెక్కలు ఊరికి వేరుగా, వాడకు వేరుగా రాయాలి. ఆ లెక్కలు గ్రామసభలో చదవాలి.

విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు తమ ఊరి ఉపకేంద్రానికి పోయి ఈ లెక్కలు అడగవచ్చు. వాడ లెక్క వేరుగా లేదని జవాబొస్తే, పని అక్కడినుంచే మొదలుపెట్టాలి.