టెక్స్ట్‌ఏరియాలో అనవసరపు ఖాళీలు: కారణం, సవరణ

మీరు తయారుచేసిన ఫారంలో చిరునామా గడిని చూస్తే, మొదటి వరుస కుడివైపుకు జరిగి ఉందనుకోండి. చాలామంది విద్యార్థులు వెంటనే సీఎస్‌ఎస్‌లో ప్యాడింగును వెతుకుతారు. లోపం అక్కడ ఉండదు, టెంప్లేటులో ఉంటుంది.

పేరా ట్యాగులో వరుసగా ఎన్ని స్పేసులున్నా బ్రౌజరు వాటిని మామూలుగా ఒక్కటిగానే చూపుతుంది. టెక్స్ట్‌ఏరియా సంగతి వేరు. దాని ప్రారంభ, ముగింపు ట్యాగుల మధ్య ఉన్నదంతా గడి విలువే. కోడు పొందికగా కనిపించాలని మీరు జింజా చరరాశిని ఎనిమిది స్పేసులు వదిలి రెండో వరుసలోనూ, ముగింపు ట్యాగును నాలుగు స్పేసులు వదిలి మూడో వరుసలోనూ రాశారనుకుందాం. ప్రారంభ ట్యాగును ఆనుకుని ఉన్న ఒక్క కొత్త వరుస గుర్తును మాత్రం బ్రౌజరు వదిలేస్తుంది. ముందున్న 8 స్పేసులు, వెనుక ఉన్న కొత్త వరుస గుర్తు, 4 స్పేసులు కలిపి 13 అక్షరాలు విలువలో చేరిపోతాయి.

ఇది చూపుకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. వినియోగదారు ఏమీ మార్చకుండా సేవ్ చేసినా ఆ 13 అక్షరాలూ డేటాబేసుకు వెళ్తాయి. మళ్ళీ తెరిస్తే ఇంకో 13. పదోసారి తెరిచేసరికి 130. ఖాళీ గడిలోనైతే ప్లేస్‌హోల్డరు కనిపించదు. అంతకన్నా ప్రమాదం, 'తప్పనిసరి' అని పెట్టిన తనిఖీ కూడా స్పేసులను సమాధానంగా అంగీకరిస్తుంది.

ప్రారంభ ట్యాగు, చరరాశి, ముగింపు ట్యాగు మూడింటినీ ఒకే వరుసలో ఆనించి రాయండి. వరుస పొడవైనా నేను దీన్నే ఇష్టపడతాను. అలా వద్దనుకుంటే జింజా, ట్విగ్‌లలో చరరాశి జంట కుండలీకరణాలకు లోపలివైపు, రెండు చివరలా మైనస్ గుర్తు పెట్టండి. అది టెంప్లేటులోని ఖాళీలనే తొలగిస్తుంది, చరరాశి విలువను ముట్టుకోదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వినియోగదారు కావాలనే మొదటి వరుసను ఖాళీగా వదిలితే, బ్రౌజరు దాన్ని మింగేస్తుంది. అందుకే జాంగో, రైల్స్ తాము తయారుచేసే టెక్స్ట్‌ఏరియాలో ప్రారంభ ట్యాగు తర్వాత ఒక కొత్త వరుస గుర్తును ఉద్దేశపూర్వకంగా ఉంచుతాయి.

టెంప్లేటు సరిచేశాకే పాత డేటాను శుభ్రం చేయండి. చిరునామాకు రెండు చివరలా స్పేసులు కత్తిరించినా నష్టం లేదు. పద్యానికో ప్రోగ్రాముకో అలా చేస్తే, రాసినవారు కావాలని పెట్టుకున్న స్పేసులు కూడా పోతాయి.