పేరు లేని తీగ

పాట జనుల నాలుకలమీద ఆడుతున్నప్పుడు పాడినవాని పేరు లోకానికి తెలుస్తుంది. వెనుక కూర్చుండి తీగ మీటినవాని పేరు తెలియదు. ఆంగ్లదేశపు గ్రామఫోను పరిశ్రమలో ఇట్టి వాద్యకారులను ‘సెషన్’ కళాకారులంటారు. పిలుపు వచ్చిన పూట స్టూడియోకు వెళ్ళడం, చెప్పినది వాయించడం, వేతనం పుచ్చుకొని ఇంటికి రావడం వారి వృత్తి. ఆ రోజులలో రికార్డు అట్టమీద వారి పేరు తరచుగా వుండేది కాదు. ఆ అజ్ఞాతవాసం నుంచి వచ్చి జగత్ప్రసిద్ధుడైన గిటారు విద్వాంసుడు జిమ్మీ పేజ్.

పేజ్ 1944 జనవరి 9న లండను సమీపాన హెస్టన్‌లో జన్మించాడు. ఎప్సమ్ పట్టణంలో, క్రొత్తగా చేరిన యింటిలో దొరికిన గిటారుతో అతని విద్య ఆరంభమైనది. రికార్డులే ముఖ్య గురువులు. యౌవనారంభంలో ఒక బృందంతో ఊరూరా తిరిగి ఆరోగ్యం చెడగా, సట్టన్‌లోని కళాశాలలో చిత్రకళ అభ్యసించాడు. అప్పుడే స్టూడియోల పిలుపులు అధికమైనాయి. 1963లో ఇంగ్లండులో ప్రథమస్థానం పొందిన ‘డైమండ్స్’, 1964లో షర్లీ బాసీ పాడిన ‘గోల్డ్‌ఫింగర్’ రికార్డులలో అతని గిటారు కలదు. కొన్ని దినాలలో మూడేసి చోట్ల వాయించేవాడు. స్వరలిపి చదవడం ఆ పనిలోనే నేర్చాడు.

అతడు నేర్చినది వాదనమొక్కటే కాదు. మైకు ఎక్కడ వుంచితే ధ్వని ఎట్లా మారుతుందో గమనించాడు. 1965లో ‘ఇమ్మీడియట్’ సంస్థలో రికార్డుల నిర్మాత అయినాడు. ఇక్కడ నిర్మాత అంటే ధనం పెట్టేవాడు కాదు. ధ్వని రూపాన్ని నిర్ణయించేవాడు. 1966లో నిలకడైన రాబడిని వదలి ‘యార్డ్‌బర్డ్స్’ బృందంలో చేరాడు. అది విచ్ఛిన్నమైన 1968లోనే ‘లెడ్ జెపెలిన్’ను నెలకొల్పాడు. ప్రథమ ఆల్బమును ఆ అక్టోబరులో సుమారు 36 గంటల స్టూడియో కాలంలో ముగించారు. దానికి నిర్మాత అతడే. ఖర్చు భరించినవాడూ అతడే.

దూరమే ధ్వనికి లోతు నిస్తుందని అతని సిద్ధాంతం. 1971లో వెలువడిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాటకు, హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల క్రింది విశాలమైన హాలులో డ్రమ్ములు వుంచి, మైకులను పైనుంచి వ్రేలాడదీశారు. ఆ ప్రతిధ్వనిని తర్వాత అనేకులు అనుకరించారు.

అయితే ఈ కథలో ఒక వైపరీత్యం కలదు. ఆ పాటకు మూలకర్తలలో ఒకరైన మెంఫిస్ మిన్నీ పేరు రికార్డుపై వున్నది. కాని 1969 నాటి ‘హోల్ లోటా లవ్’లో, అమెరికా నల్లజాతి కవిగాయకుడు విల్లీ డిక్సన్ పూర్వరచన ఛాయలు స్పష్టంగా వున్నా, ఆయన పేరు లేదు. 1985లో డిక్సన్ న్యాయస్థానానికి వెళ్ళాడు. 1987లో రాజీ కుదిరింది. పిదప ఆయన పేరు కర్తలలో చేరింది.

1980లో డ్రమ్ము వాద్యకారుడు జాన్ బోనమ్ మరణంతో ఆ బృందం ముగిసింది. పేజ్ కీర్తి ముగియలేదు. 2012లో అమెరికాలో కెనెడీ కేంద్ర సత్కారం అతని బృందానికి లభించింది. పేరు లేకుండా శ్రమించి ఇంత విద్య గడించిన వాని బృందం మరొకని పేరును మరచిపోవడం విచారకరం. ఆ పాటను నేడు వినేవారు డిక్సన్ పేరును కూడా చదవగలుగుతున్నారు. ఆలస్యమైనా అది న్యాయమే.