ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్లను శుభ్రపరచడం

ఆప్టికల్ ఫైబర్ లేదా దృశా తంతువు చివర అమర్చిన కనెక్టర్ ముఖంపై చేరిన దుమ్ము, జిడ్డు, తేమ మరకలను గాజుపై గీతలు పడకుండా తొలగించే ప్రక్రియను కనెక్టర్లను శుభ్రపరచడం అంటారు. టెలిఫోను, ఇంటర్నెట్ వ్యవస్థల నిర్వహణలో ఇది ముఖ్యమైన పని.

ఆవశ్యకత

సింగిల్ మోడ్ తంతువులో కాంతి ప్రయాణించే కోర్ వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లు. మైక్రోమీటరు అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం దీనికి అనేక రెట్లు ఉంటుంది. కాబట్టి కంటికి కనిపించని ధూళి కణం కూడా కాంతిని అడ్డుకోగలదు.

కనెక్టర్‌లో తంతువు ఫెర్రూల్ అనే సన్నని గొట్టం మధ్యలో ఉంటుంది. అడాప్టర్‌లో రెండు ఫెర్రూళ్ళ ముఖాలు స్ప్రింగు బలంతో ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. వాటి మధ్య ధూళి చిక్కుకుంటే కాంతి నష్టమవుతుంది, కొంత వెనుకకు పరావర్తనం చెందుతుంది. గట్టి కణమైతే గాజుపై గుంట పడుతుంది. ఇటువంటి నష్టం శుభ్రపరచినా పోదు. కనెక్టర్‌ను మళ్ళీ పాలిష్ చేయాలి లేదా మార్చాలి. ఒక ముఖంపై ఉన్న మురికి రెండవ దానికి అంటుకుంటుంది గనుక రెండింటినీ శుభ్రపరచాలి.

కంటి భద్రత

సమాచార ప్రసారంలో ఎక్కువగా వాడే 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు పరారుణ కాంతికి చెందినవి. ఇవి కంటికి కనిపించవు, కానీ హాని చేయగలవు. వెలుగు కనిపించనంత మాత్రాన తంతువులో కాంతి లేదని భావించరాదు. ముందుగా కాంతి జనకాన్ని ఆపి, పవర్ మీటరుతో నిర్ధారించుకోవాలి. తంతువు చివరను నేరుగా చూడకూడదు. తెరపై చిత్రాన్ని చూపే వీడియో మైక్రోస్కోపు సురక్షితమైనది.

విధానం

1. మొదట మైక్రోస్కోపుతో పరిశీలించాలి. ముఖం శుభ్రంగా ఉంటే తాకనవసరం లేదు.
2. నూగు రాలని ప్రత్యేక గుడ్డతో లేదా క్యాసెట్ క్లీనరుతో ఒకే దిశలో తుడవాలి. గుడ్డలో ఒకసారి వాడిన భాగాన్ని తిరిగి వాడకూడదు.
3. మరక పోకపోతే గుడ్డ అంచును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, తడి భాగం నుండి పొడి భాగానికి తుడవాలి. ద్రవం అలాగే ఆరిపోతే మచ్చ మిగులుతుంది. ఈ ద్రవం మండే గుణం కలది కనుక నిప్పుకు దూరంగా ఉంచాలి.
4. అడాప్టర్ లోపలి ముఖానికి పెన్ను ఆకారపు క్లీనరు వాడతారు. ఎల్‌సీ రకానికి 1.25, ఎస్‌సీ రకానికి 2.5 మిల్లీమీటర్ల పరిమాణం సరిపోతుంది.
5. మళ్ళీ పరిశీలించి వెంటనే కలపాలి.

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రమాణం ఐఈసీ 61300-3-35, ముఖాన్ని వలయాలుగా విభజించి, ఒక్కొక్క వలయంలో అనుమతించదగిన గీతలు, లోపాల హద్దులను నిర్దేశిస్తుంది.

చేయకూడనివి

నోటితో ఊదడం వలన తేమ చేరుతుంది. చొక్కా అంచు, చేతి రుమాలు నూగును, జిడ్డును వదులుతాయి. నీరు కలిసిన స్పిరిట్ మచ్చలు మిగుల్చుతుంది. రక్షణ మూత లోపల కూడా దుమ్ము ఉండవచ్చు. అందుచేత సంచిలో నుండి అప్పుడే తీసిన కొత్త కనెక్టర్‌ను సైతం పరిశీలించిన తరువాతే కలపాలి.