గడువు రాసేదెవరు?

శంషాబాద్ దాటి బెంగళూరు రహదారి మీద వెళ్తుంటే పాల్మాకుల వస్తుంది. దానికి దగ్గర్లోనే 2008 మార్చిలో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయం. హైదరాబాద్‌లో తయారైన మందులు, టీకాలు దేశదేశాలకు ఎగిరేది ఇక్కడి కార్గో టెర్మినల్ నుంచే. ఆ పెట్టెల్లోని ప్రతి సీసా మీదా గడువు తేదీ ఉంటుంది. దాన్ని రోగి ఊహించడు, మందుల షాపువాడు లెక్కగట్టడు. తయారుచేసినవాడు పరీక్షలు చేసి, నియంత్రణ సంస్థ అనుమతితో రాస్తాడు. పాల్మాకులలో ఒకరు ఫోన్‌లో వెబ్‌పేజీ తెరిచినప్పుడు కూడా దాని వెంట ఇలాంటి గడువు ఒకటి రావాలి. సర్వర్ పంపే ప్రతి బొమ్మకూ, ప్రతి ఫాంటుకూ ముందు కొన్ని సమాచార వరుసలు నడుస్తాయి. వాటిలో ‘ఎక్స్‌పైర్స్’ అనో ‘కాష్-కంట్రోల్’ అనో ఉండే వరుస బ్రౌజర్‌తో చెప్పేది ఒక్కటే: ఫలానా సమయం దాకా ఇది తాజాదే, అందాకా నీ దగ్గరున్న నకలునే వాడుకో, నన్ను అడగనక్కర్లేదు. ఆ నకళ్లు దాచే చోటే ఫోన్ సెట్టింగ్స్‌లో ‘కాష్’ అన్న పేరుతో కనిపించేది. ఈ గడువు రాయడం సర్వర్ నడిపేవారి బాధ్యత అనీ, రాయకుండా వదిలేస్తే ఆ పని ఊహకు అప్పగించినట్టే అవుతుందనీ నా వాదన.

ఈ వరుస చరిత్ర చూస్తే ఆ మాటకు బలం దొరుకుతుంది. వెబ్ పుట్టిన తొలి ఏళ్లలోనే, ఒకే పేజీని పదేపదే దూరం నుంచి తెచ్చుకోవడం దండగన్న సంగతి తేలిపోయింది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమాల పేరు హెచ్‌టీటీపీ. 1996 మేలో వెలువడిన దాని 1.0 పత్రంలో ‘ఎక్స్‌పైర్స్’ ఉంది. అందులో పూర్తి తేదీ, గంట, నిమిషం, సెకను రాయాలి, అదీ గ్రీనిచ్ కాలమానంలో. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు, కాబట్టి స్థానిక సమయం రాసేస్తే లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద చిక్కు అవతలి గడియారంతో. లోపలి బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. దాని దృష్టిలో ఏ గడువూ దాటదు, పాతదంతా తాజాదే. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 దీనికి చక్కని విరుగుడు చూపింది. తేదీ బదులు సెకన్ల లెక్క ఇచ్చింది, దాని పేరు ‘మాక్స్-ఏజ్’. ‘ఫలానా రోజు దాకా’ అనడం పోయి ‘పంపిన క్షణం నుంచి ఇంతసేపు’ అనడం వచ్చింది. రెండూ కలిసి వస్తే సెకన్ల మాటే చెల్లుతుంది. పాత తేదీ వరుస నేటికీ బతికే ఉంది. అపాచీ సర్వర్‌లో గడువులు చూసే మాడ్యూల్ పేరు ఇప్పటికీ ‘మాడ్ ఎక్స్‌పైర్స్’. బొమ్మలకు నెల, పేజీకి పది నిమిషాలు అని అందులో ఒక్కో వరుసలో రాసుకోవచ్చు.

ఏమీ రాయకపోతే ఏ హానీ లేదని చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకం తప్పు. గడువు లేని వస్తువు వచ్చినప్పుడు తానే ఒక అంచనా వేసుకోవడానికి బ్రౌజర్‌కు ప్రమాణ పత్రాలే అనుమతి ఇచ్చాయి. చివరిసారి మారి ఎంత కాలమైందో చూసి, అందులో పదో వంతు తాజాగా లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి అని కూడా చెప్పాయి. వంద రోజులుగా మారని నోటీసును బ్రౌజర్ పది రోజులు తాజాదిగా ఎంచవచ్చన్న మాట. ఆ మర్నాడే నోటీసు మారితే పాఠకుడి ముందు పాతదే నిలబడుతుంది. సర్వర్ మౌనంగా ఉన్నచోట కూడా గడువు పడుతుంది. అయితే ఆ వస్తువు సంగతి తెలియని యంత్రం దాన్ని వేస్తుంది.

గడువు ఎక్కువ ఇస్తే పాతది చూపించే ప్రమాదం ఉందన్న అభ్యంతరం గట్టిది. ఇక్కడ టీకాతో పోలిక ఇంకాస్త దూరం వస్తుంది. 2021 అక్టోబరు 25న కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ కొవాగ్జిన్ గడువును 9 నెలల నుంచి 12 నెలలకు పెంచింది. సీసాలోని మందు మారలేదు, దాని మీది తేదీయే మారింది. వెబ్‌లో దీనికి సాటి 304 అనే జవాబు. గడువు తీరిన నకలుతో బ్రౌజర్ ‘ఇది మారిందా’ అని అడిగితే, సర్వర్ ‘మారలేదు’ అని ఆ అంకెతో చెప్పి కొత్త గడువిస్తుంది, వస్తువును మళ్లీ పంపదు. కానీ వెనక్కి పిలవడం దగ్గర పోలిక తెగిపోతుంది. మందును బజారు నుంచి వాపసు తెప్పించవచ్చు. ఏడాది గడువిచ్చి పంపిన బొమ్మను వెనక్కి రప్పించలేం, ఎందుకంటే ఆ ఏడాదంతా బ్రౌజర్ మన గడప తొక్కదు. దీనికి జవాబుగా దొరికిన ఉపాయం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది: తేదీ మార్చలేకపోతే పేరు మార్చు. ఫైలు మారినప్పుడల్లా దాని చిరునామాలో కొత్త సంచిక సంఖ్య వేస్తే, బ్రౌజర్‌కు అది కొత్త వస్తువు. గూగుల్ ఫాంట్స్ చేసేది ఇదే. మండలి, గురజాడ వంటి తెలుగు ఫాంట్ల ఫైళ్లకు ఏడాది గడువు, అంటే 3,15,36,000 సెకన్లు. ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పే చిన్న చిట్టాకు మాత్రం ఒక్క రోజే. మారే దానికి చిన్న గడువు, మారని దానికి పెద్ద గడువు ఇస్తే అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది.

డేటా సెంటర్లు మన ముంగిట్లోకే వచ్చాయి కదా, ఇంకా దాచుకోవడమెందుకన్నది మరో ప్రశ్న. నిజమే, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. అమెరికాలోని వర్జీనియా ఇక్కడికి 13 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి కూడా వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు తప్పవు. సర్వర్ పక్కనే ఉంటే ఆ ఆలస్యం పోతుంది. కానీ ఫోన్‌కూ టవర్‌కూ మధ్య రద్దీ, డేటా ఖర్చు, బ్యాటరీ ఖర్చు మిగిలే ఉంటాయి. అడగకుండా గడిచిపోయిన పనికి ఇవేవీ ఉండవు. తెలుగుకు ఈ పొదుపు మరీ అవసరం. యూనికోడ్ సంకేతాలను వెబ్ మీద రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు, 18 బైట్లు. కుదించి పంపితే కొంత తగ్గుతుంది కానీ, ఒత్తులూ గుణింతాలూ మోసే ఫాంట్ ఫైలు బరువు వేరే ఉంది. పరీక్షా ఫలితాల రోజున లక్షల మంది ఒకే గంటలో సర్వర్ మీద పడతారు. అప్పుడు ముద్ర, ఫాంట్, నేపథ్య చిత్రం కూడా ప్రతిసారీ అక్కడి నుంచే రావాలంటే, మార్కులు పంపాల్సిన సత్తువ అలంకారాలకే ఖర్చయిపోతుంది.

అయితే ఆ మార్కుల పేజీని మాత్రం అసలు దాచుకోవద్దని రాయాలి. ఒకరి సమాచారం ఇంకొకరి కంట పడే వీలున్న నెట్‌సెంటర్ కంప్యూటర్‌లో దాని నకలు ఉండటమే తప్పు. ఇక్కడ పేర్లతో జాగ్రత్త అవసరం. ‘నో-కాష్’ అంటే దాచవద్దని కాదు, దాచుకున్నా ప్రతిసారీ అడిగి వాడమని. అసలు దాచవద్దని చెప్పేది ‘నో-స్టోర్’. ఈ తేడా తెలియక మొదటిది రాసి నిశ్చింతగా ఉండేవారున్నారు. విమానం ఎన్నింటికి దిగుతుందో చెప్పే పేజీ దారి మరొకటి. అందులో రహస్యమేమీ లేదు, కానీ నిమిషాల్లో మారుతుంది, కాబట్టి గడువును సెకన్లలో కొలవాలి. విమానాశ్రయం ముద్రకు ఏడాది ఇచ్చినా చెల్లుతుంది.

తెలుగులో వెబ్‌సైట్లు నడిపే పత్రికలవారికీ, బడులవారికీ, ప్రభుత్వ శాఖలవారికీ నా విన్నపం ఒక్కటే. మీ సర్వర్ ఇవాళ ఏ ఫైలుకు ఏ గడువు పంపుతోందో ఒకసారి తెరిచి చూడండి. ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడ మీరే రాయండి.