ఇంటి కాడ చదివిన డిగ్రీ చెల్లుతుందా?

భోగాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటర్‌తో చదువు ఆపేసిన వారు ఉన్నారు. పెళ్లయిన ఆడపిల్లలు, కూలికి వెళ్లే కుర్రాళ్లు, సముద్రంలో వేటకు వెళ్లేవారు రోజూ విజయనగరమో, విశాఖపట్నమో వెళ్లి కాలేజీలో కూర్చోలేరు. పని మానితే పూట గడవదు.

ఇలాంటి వారి కోసమే దూరవిద్య వచ్చింది. పని చేసుకుంటూ ఇంటి దగ్గర పుస్తకాలు చదువుకోవచ్చు. కొన్ని రోజులు మాత్రం తరగతులకు వెళ్లాలి. తర్వాత పరీక్షలు రాయాలి.

కాని ఊళ్లో ఒక అనుమానం ఉంది. "ఇంటి కాడ సదివింది ఏటి డిగ్రీ? ఎమ్మేకి పనికొస్తాదేటి?" అంటారు. ఈ మాట విని వెనక్కి తగ్గేవారూ ఉంటారు.

నిజం ఏమిటో చూద్దాం.

దూరవిద్య నిన్న మొన్న పుట్టింది కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే దీన్ని మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

విశ్వవిద్యాలయాల బాగోగులు చూసే కేంద్ర సంస్థ యూజీసీ. 2022 సెప్టెంబరులో అది ఒక ప్రకటన చేసింది. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం అని చెప్పింది.

మరి పీజీ సీటు ఇచ్చేవారు ఏం చూస్తారు?

ఒకటి, గుర్తింపు. మీరు చేరిన ఏడాది ఆ కోర్సు నడపడానికి ఆ సంస్థకు యూజీసీ అనుమతి ఉండాలి. పేరు పెద్దదైతే చాలదు.

రెండు, మెట్లు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉండాలి. డిగ్రీ లేకుండా నేరుగా ఇచ్చిన ఎమ్మే చెల్లదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక మెట్టు దాటేస్తే పై మెట్టు దగ్గర చిక్కు వస్తుంది. పది, ఇంటర్ లేనివారు ముందు ఓపెన్ స్కూల్లో అవి పూర్తి చేయడం మంచిది.

మూడు, చదివిన విషయం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కావాలంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలి. కాలేజీలో చదివిన వారికీ ఇదే నియమం.

నాలుగు, ప్రవేశ పరీక్ష. మన రాష్ట్రంలో 2021 నుంచి పీజీ సీట్లకు ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. ప్రశ్నపత్రం అందరికీ ఒక్కటే. ఇంట్లో చదివావా, కాలేజీలో చదివావా అని అది అడగదు. ఇక్కడే కష్టపడాలి. చెప్పేవారు పక్కన లేరు కనుక ఇంటి దగ్గర చదివేవారు రోజూ కొంతసేపు పుస్తకం పట్టాలి.

ఒక జాగ్రత్త. "మూడేళ్ల డిగ్రీ ఏడాదిలో ఇప్పిస్తాం, డబ్బు కట్టండి" అనే బ్రోకర్లు ఉంటారు. వారిని నమ్మవద్దు. ఆ కాగితం పీజీ ఆఫీసులో నిలవదు. డబ్బూ పోతుంది, వయసూ పోతుంది. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, లా డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి వీలు లేదు. ఇస్తామని ఎవరైనా అంటే అది మోసమే.

ఫీజు కట్టే ముందే అడగండి: "ఈ ఏడాది ఈ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందా?" యూజీసీ జాబితా ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఫోనులో చూడటం రాకపోతే ఊరి పంతులుగారి చేత చూపించుకోండి. అడగడానికి సిగ్గుపడకండి. మూడేళ్ల కష్టం నిలిచేది ఆ ఒక్క ప్రశ్న మీదే.