పిల్లికి బిచ్చము - ఒక ధర్మవిచారము

లోభిని నిందించుటకు తెలుగువారు వాడు పలుకుబడులలో “పిల్లికి బిచ్చం పెట్టడు” అనునది మిక్కిలి ప్రసిద్ధము. నిత్యము వినబడు మాట యగుటచే దీని తాత్పర్యమును విచారించువారు అరుదు. దానపాత్రులను చెప్పునపుడు శాస్త్రకారులు అతిథిని, బ్రహ్మచారిని, యతిని, ఆర్తుని పేర్కొనిరి. తెలుగువాడు గృహస్థుని ఔదార్యమునకు కడపటి మెట్టుగా పిల్లిని నిలిపెను. అంతకంటె స్వల్పముతో తృప్తినొందు యాచకుడు లేడు. దానికిని పెట్టని ఇల్లు ఇల్లు కాదని భావము.

సంస్కృతవాఙ్మయమున మార్జారమునకు దక్కిన పేరు మంచిది కాదు. ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అని అమరసింహుడు చెప్పిన నామములలో మార్జారశబ్దము శుద్ధ్యర్థకమగు ‘మృజ’ ధాతువునుండి పుట్టినది. మేనిని సదా తుడుచుకొనునది యని అర్థము. ఇంత శుచిగల జంతువును మనుస్మృతి నాలుగవ అధ్యాయము దాంభికునకు ఉపమానముగా గైకొని, ధర్మధ్వజమెత్తి వంచించువానిని బైడాలవ్రతికుడన్నది. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ఉలూకునిచేత ధర్మరాజునకు పంపిన నిందలో గంగాతీరమున తపస్సు నటించి ఎలుకలను మ్రింగిన పిల్లి కథ కలదు. పంచతంత్రములోని దధికర్ణుడు, హితోపదేశములోని దీర్ఘకర్ణుడు ఆ వంశమువారే. నిత్యవైరముగల ప్రాణుల ద్వంద్వసమాసమునకు వైయాకరణులు చూపు ఉదాహరణము సైతము మార్జారమూషకమే.

అట్లని దానిని హింసింపవచ్చునని ఎవరును చెప్పలేదు. కపటమునకు పిల్లిని గుర్తుచేసిన ఆ మనుస్మృతియే పదునొకండవ అధ్యాయమున దానిని చంపినవానికి ప్రాయశ్చిత్తము విధించినది. బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనను లోకప్రతీతియు ఇట్టిదే. (బంగారము ధరను తలచుకొనియైన కఱ్ఱ ఎత్తినవాడు దింపునని పెద్దల ఆశయము కాబోలు!)

ఈ విషయమున మిక్కిలి లోతైన కథ శాంతిపర్వమున ఆపద్ధర్మప్రకరణములో నున్నది. మఱ్ఱిచెట్టు క్రింద వేటగాని వలలో లోమశమను పిల్లి చిక్కినది. అదే సమయమున ముంగిస, గుడ్లగూబ తనకై పొంచియుండుట చూచి పలితమను ఎలుక ఆ పిల్లినే ఆశ్రయించి, తుదిక్షణమున వలత్రాళ్లను కొరికినది. ఆపద గడచిన పిమ్మట పిల్లి స్నేహమును కొనసాగింపుమని పిలువగా, కారణముచే పుట్టిన మైత్రి కారణముతోనే ముగియునని పలితము దూరము తొలగెను. అది నీతి, దయ కాదు.

మానవునకు పిల్లితో గల సంబంధమును ఇట్లే కారణముచే పుట్టినది. సుమారు పదివేల యేండ్లనాడు పశ్చిమాసియాలో ధాన్యపు నిల్వలు పెరుగగా ఎలుకలు వచ్చినవి, వాని వెంట పిల్లులు వచ్చినవి. తెలుగుపల్లెలో గాదెయు అటకయు నున్నంతకాలము పిల్లికి ఇంట ఉద్యోగముండెను. నాచారము, ఉప్పల్ ప్రాంతములు ఒకప్పుడు హైదరాబాదునకు తూర్పున నున్న గ్రామములు, పిమ్మట పరిశ్రమలవాడలైనవి, నేడు బహుళాంతస్తుల నివాసములతో నిండినవి. గోదాములున్నచోట పిల్లికి నేటికిని పని యున్నది. బియ్యము సంచిలో వచ్చి డబ్బాలో చేరు మేడయింట లేదు. కారణము తొలగినది గాన మైత్రియు తొలగవలెనా యనునది నేటి ప్రశ్న. పలితము ఎలుక గనుక తొలగెను. దానికి ప్రాణభయము కలదు. మనుష్యునకు పిల్లివలన అట్టి భయమేమి?

అయినను పిల్లులను గోనెసంచిలో పట్టి దూరమున విడుచుట నగరములలో సాధారణమైనది. చంపలేదు గదా యని విడిచినవారి సమాధానము. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని తెలుగువారందఱు ఎఱుగుదురు. తల్లి నోట కఱచుకొని పోవుచుండగా పిల్ల యేమియు యత్నింపదు. ఈ నిర్భరస్థితినే శ్రీవైష్ణవులలో తెంగలైవారు మార్జారకిశోరన్యాయముగా చెప్పి శరణాగతికి దృష్టాంతము చేసిరి. అట్టి తల్లిని సంచిలో కట్టి కొనిపోయినచో, పుట్టి వారమైన దాటని, కన్ను తెరవని పిల్లలు మెట్లక్రింద ఆకలితో చచ్చును. 1960 నాటి జంతుహింసానివారణచట్టము ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుటను నేరముగా చెప్పినది. 1976లో రాజ్యాంగమున చేరిన 51-ఎ అధికరణము ప్రాణులయెడ కరుణను పౌరుని కర్తవ్యములలో చేర్చినది.

భూతయజ్ఞమున బలిని మెల్లగా నేలపై నుంచవలెనని మనువు చెప్పుచు కుక్కలను, కాకులను, క్రిములను పేర్కొనెను. పిల్లి పేరు చెప్పలేదు. ఆ లోటును తెలుగు పలుకుబడి పూరించినది. 2023లో వచ్చిన జంతుజనననియంత్రణ నియమములు సామూహిక జంతువులకు ఆహారము పెట్టు ఏర్పాటును నివాససంఘముల బాధ్యతగా చేసి, పిల్లలాడుకొను చోట్లకు, మెట్లకు, రాకపోకల ద్వారములకు దూరముగా స్థలమును, వేళను నిర్ణయింపుమన్నవి. బలిహరణమునకును దేశకాలనియమము కలదు గదా!

పెట్టునది యేమి యనుటయు విచార్యమే. పిల్లికి పాలు ఇష్టమైనను, పెరిగిన పిల్లులలో పెక్కింటికి అవి జీర్ణముకాక విరేచనములగును. పెరుగన్నముతో మాత్రమే అది బ్రదుకజాలదు. మాంసములో నుండు టారిన్ అను పదార్థము లేనిచో దాని కన్నులు, గుండె చెడును. శాకాహారుల యింట ఇది చిక్కే. కాని మాంసభక్షణము దానికి స్వధర్మము. జ్వరమునకు మనుష్యులు వాడు పారాసిటమాల్ మాత్రను జాలితో పెట్టినను అది చచ్చును.

ఆహారముతోబాటు సంతాననియంత్రణము లేనిచో కరుణ కష్టముగా పరిణమించును. ఆడుపిల్లి ఐదారు మాసములకే గర్భము దాల్పగలదు. తొమ్మిది వారములకు ఈనును. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ హైదరాబాదులో వీధిజంతువుల చికిత్సకు మార్గము చూపినది. శస్త్రచికిత్స జరిగిన వీధిపిల్లికి మత్తులో నుండగానే ఒక చెవికొనను కొలదిగా కత్తిరించి గుర్తుపెట్టుదురు. అట్టి చెవిగల పిల్లి గోడమీద కనబడినచో, దానిని మరల పట్టి శస్త్రచికిత్సకు కొనిపోవలసిన పనిలేదు.