రాసినాయనే వద్దన్న పుస్తకం.. 650 ఏళ్లు దాటినా వదలని జనం! ఎవరీ బొకాచియో?

లాక్‌డౌన్‌లో మనం ఇంట్లో కూర్చుని ఓటీటీల్లో సినిమాలు చూశాం. మరి 1348లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌ను ప్లేగు చుట్టేసినప్పుడు ఓ పదిమంది ఏం చేశారో తెలుసా? ఊరు వదిలి కొండ మీది భవంతికి చేరి, రోజుకు పది చొప్పున పది రోజుల్లో వంద కథలు చెప్పుకున్నారు.

ప్లేగు నిజం. ఆ ఏడుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు మాత్రం జొవాన్ని బొకాచియో (1313-1375) సృష్టించిన పాత్రలు. పుస్తకం పేరు 'డెకామెరాన్'. 2024లో ఇదే పేరుతో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ వచ్చింది కూడా.

పండితులు లాటిన్‌లో రాస్తున్న రోజులవి. ఈయనేమో జనం మాట్లాడుకునే టస్కన్ భాషలో, అదీ వచనంలో రాశాడు. ఉదాహరణకు ఆండ్రియూచో కథ. గుర్రాలు కొందామని 500 బంగారు నాణేలతో నేపుల్స్ వస్తాడు. నీ చెల్లెల్నంటూ ఒకామె ఇంటికి పిలుస్తుంది. రాత్రికి డబ్బు పోతుంది, మనిషి మరుగుదొడ్డి సందులో పడతాడు! ఆ తర్వాత దొంగలతో కలిసి ఆర్చిబిషప్ సమాధిలో దూరి, చివరికి కెంపుటుంగరంతో బయటపడతాడు. ఏ దేవుడూ దిగిరాడు, ఏ నీతీ చెప్పరు. అదృష్టం, తెలివి అంతే. మధ్యయుగపు కథల మధ్య ఇది కొత్త గాలి. రినైసాన్స్ రచయితలకు నచ్చిందీ ఇదే.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. సాహిత్యం మానకపోతే చావు తప్పదని 1362లో ఓ సన్యాసి హెచ్చరించడంతో బొకాచియో హడలిపోయాడు. తన పుస్తకాలన్నీ వదిలించుకోవాలనుకున్నాడు. స్నేహితుడు, మహాకవి పెట్రార్క్ ఉత్తరం రాసి ఆపాడు. 1373లోనేమో మీ ఇంటి ఆడవాళ్లను నా కథలు చదవనివ్వొద్దని ఓ మిత్రుడికి రాశాడు. మరి అంత సిగ్గుపడ్డ మనిషి, అంతకు కొన్నేళ్ల ముందే, 1370 ప్రాంతంలో, డెకామెరాన్ మొత్తాన్ని స్వయంగా మళ్లీ ఎందుకు రాసుకున్నట్టు? ఆ చేతిరాత ప్రతి ఇప్పటికీ బెర్లిన్‌లో ఉంది. పశ్చాత్తాపం ఉన్నా ప్రేమ చావలేదనుకోవాలి.

ఆయన వద్దన్నా కథలు ఆగలేదు. షేక్‌స్పియర్ 'ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్' నాటకానికి మూలం ఇందులోని కథే. ఇటాలియన్ వచనం ఎలా రాయాలంటే బొకాచియోలా రాయాలని 1525లో పండితుడు పియెత్రో బెంబో తేల్చేశాడు.

చర్చి మాత్రం ఊరుకోలేదు. 1559లో నిషేధించింది. పూర్తిగా ఆపడం కుదరక 1573లో 'సరిదిద్దిన' ప్రతి వచ్చింది. అందులో ఏం మార్చారంటే.. తప్పులు చేసిన సన్యాసులను మామూలు మనుషులుగా మార్చేశారు. రాసలీలలు చాలావరకు అలాగే ఉంచేశారు!